గోడపై బోర్డు నిలిచేదెలా? బరువు కంటే గాలే పెద్ద పరీక్ష

ముంబయిలోని ఘాట్‌కోపర్ ప్రాంతంలో 2024 మే 13వ తేదీ సాయంత్రం గాలిదుమారం రేగింది. పెట్రోలు బంకు పక్కన నిలిచి ఉన్న ఒక భారీ ప్రకటన ఫలకం ఆ గాలికి కూలి, బంకులో ఉన్నవారిపై పడింది. 17 మంది ప్రాణాలు కోల్పోయారు. 70 మందికి పైగా గాయపడ్డారు. ఆ ఫలకం పొడవు 120 అడుగులు, ఎత్తు 120 అడుగులు. అక్కడి నగరపాలక సంస్థ అనుమతించే గరిష్ఠ పరిమాణం 40 అడుగుల పొడవు, 40 అడుగుల ఎత్తు. అంటే అనుమతించదగిన వైశాల్యానికి తొమ్మిది రెట్ల ఫలకాన్ని అక్కడ నిలబెట్టారు.

ప్రమాదం తరువాత ముంబయిలోని వీరమాత జీజాబాయి సాంకేతిక విద్యాసంస్థ నిపుణులు దాని పునాదిని పరిశీలించారు. ఆ ప్రాంతంలో గంటకు 158 కిలోమీటర్ల గాలిని తట్టుకునేలా కట్టవలసిన నిర్మాణం, గంటకు 49 కిలోమీటర్ల గాలిని మాత్రమే తట్టుకోగల పునాదిపై నిలిచిందని వారి నివేదిక తేల్చింది. ఆ సాయంత్రం వీచిన గాలి వేగం గంటకు 87 కిలోమీటర్లు. అది తుపాను గాలి కాదు. వేసవి చివర దేశంలోని ఏ పట్టణంలోనైనా వీచే ఈదురుగాలే.

ఘాట్‌కోపర్‌లో కూలినది నేలపై స్తంభాలతో నిలిపిన ఫలకం. దేశంలోని లక్షలాది దుకాణాలు, ఆసుపత్రులు, పాఠశాలలు, బ్యాంకు శాఖల ముందు కనిపించేవి గోడకు బిగించిన బోర్డులు. పరిమాణంలో ఇవి చాలా చిన్నవి. అయినా రెండింటినీ పరీక్షించే శక్తి ఒక్కటే. నేలపై నిలిచే ఫలకానికి పునాది ఎంత ముఖ్యమో, గోడపై బోర్డుకు ఆ గోడ, అందులోకి దిగిన బోల్టులు అంతే ముఖ్యం. పైగా ఈ బోర్డుల కింద జనం నడుస్తారు. వాన మొదలైతే తలదాచుకోవడానికి వాటి కిందికే చేరతారు. సరిగ్గా గాలి బలంగా వీచే సమయం కూడా అదే. మహారాష్ట్రలోని పింప్రి చించ్‌వడ్ పరిధిలోని కివళే వద్ద 2023 ఏప్రిల్‌లో గాలివానకు హోర్డింగ్ కూలి అయిదుగురు మరణించారు. మరణించినవారు వాన నుంచి తప్పించుకోవడానికి దాని కింద చేరినవారే.

బరువు కొంచెం, గాలి బలం ఘనం

బోర్డు బిగించేటప్పుడు యజమాని, పనివాడు సాధారణంగా ఆలోచించేది దాని బరువు గురించి. ఇద్దరు మనుషులు ఎత్తగలిగితే నాలుగు బోల్టులు చాలునని అనుకోవడం పరిపాటి. వాస్తవానికి బరువు ఈ లెక్కలో చిన్న భాగం. వెడల్పైన, చదునైన ఏ పలకకైనా అసలు భారం గాలి.

గాలి వేగం రెట్టింపైతే దాని ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల గాలి ఒక చదరపు మీటరు పలకపై సుమారు 17 కిలోల బలంతో నెడుతుంది. గంటకు 120 కిలోమీటర్ల గాలి అదే పలకను 68 కిలోల బలంతో నెడుతుంది. ఘాట్‌కోపర్ పునాదికి ఈ సూత్రాన్ని అన్వయిస్తే తీవ్రత స్పష్టమవుతుంది. వేగంలో 158కీ 49కీ మధ్య తేడా మూడు రెట్ల పైచిలుకు. ఒత్తిడిలో మాత్రం ఆ తేడా పది రెట్లు. అంటే తట్టుకోవలసిన బలంలో పదో వంతు బలానికే ఆ పునాది సరిపోయింది.

ఏ ఊరిలో ఎంత గాలిని లెక్కలోకి తీసుకోవాలో భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించింది. ఐఎస్ 875 ప్రమాణం మూడవ భాగం పూర్తిగా గాలి భారానికి సంబంధించినది. 2015లో దానిని సవరించారు. నేల నుంచి 10 మీటర్ల ఎత్తులో, మూడు సెకన్ల పాటు వీచే ఉద్ధృత గాలిని, సగటున 50 ఏళ్లకు ఒకసారి వచ్చే అవకాశం ఉన్న వేగాన్ని ఆధారంగా చేసుకుని అది దేశాన్ని మండలాలుగా విభజించింది. దీని ప్రకారం బెంగళూరుకు మూల వేగం సెకనుకు 33 మీటర్లు. హైదరాబాద్, ముంబయి నగరాలకు 44 మీటర్లు. విశాఖపట్నం, విజయవాడ, చెన్నై, కోల్‌కతా నగరాలకు 50 మీటర్లు. సెకనుకు 44 మీటర్లంటే గంటకు 158 కిలోమీటర్లు. ఘాట్‌కోపర్ నివేదికలోని సంఖ్య ఇదే. హైదరాబాద్‌కు వర్తించేదీ ఇదే.

చదరపు మీటరుకు లెక్కగడితే ఈ వేగాలు బెంగళూరులో సుమారు 67 కిలోల, హైదరాబాద్‌లో 118 కిలోల, విశాఖపట్నంలో 153 కిలోల ఒత్తిడికి సమానం. విశాఖపట్నానికి అంత లెక్క ఎందుకో 2014 అక్టోబరు 12న తీరం దాటిన హుద్‌హుద్ తుపాను చూపింది. గంటకు 180 కిలోమీటర్ల స్థాయిలో వీచిన గాలులకు నగరంలో ప్రకటన ఫలకాలు, రేకులు, అద్దాలు విరివిగా ఎగిరిపోయాయి.

వీధిలోని బోర్డు లెక్క

ఒక సాధారణ దుకాణపు బోర్డును ఉదాహరణగా తీసుకోవచ్చు. పొడవు 20 అడుగులు, ఎత్తు 4 అడుగులు. వైశాల్యం సుమారు 7.4 చదరపు మీటర్లు. పై పలక 4 మిల్లీమీటర్ల ఏసీపీ షీటు. రెండు పలుచని అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ పొర ఉండే ఈ షీటు చదరపు మీటరుకు సుమారు అయిదున్నర కిలోలు తూగుతుంది. అంటే షీటు బరువు 40 కిలోల పైచిలుకు. వెనుక అంగుళం స్క్వేర్ పైపుతో చేసిన ఫ్రేముకు దాదాపు అంతే బరువు. అక్షరాలు, దీపాలు కలిపితే మొత్తం 100 కిలోలు.

ఇప్పుడు గాలి భారం చూడాలి. హైదరాబాద్ లెక్కన అదే బోర్డుపై సుమారు 870 కిలోల బలం పడవచ్చు. విశాఖపట్నం లెక్కన 1,130 కిలోలు. బోర్డు బరువుకు ఇది తొమ్మిది నుంచి పదకొండు రెట్లు. ఇది స్థూలమైన లెక్క. ఇళ్లు దట్టంగా ఉన్న వీధిలో, తక్కువ ఎత్తులో ఉన్న బోర్డుకు ప్రమాణం కొంత తగ్గింపునిస్తుంది. ఎత్తు పెరిగినప్పుడు, ఎదురుగా మైదానమో సముద్రమో ఉన్నప్పుడు, భవనం మూల మలుపు వద్ద ఉన్నప్పుడు భారం పెరుగుతుంది. కచ్చితమైన సంఖ్యను ఇంజినీరు తేల్చాలి. బరువు చూసి బోల్టులు ఎంచరాదనే విషయం మాత్రం ఈ స్థూల లెక్కతోనే తేలిపోతుంది.

గాలి బోర్డును గోడ వైపు నెడితే ప్రమాదం తక్కువ, ఆ నెట్టుడును గోడే మోస్తుంది. ప్రమాదం దానిని గోడ నుంచి లాగినప్పుడు వస్తుంది. గాలి ఒక భవనాన్ని చుట్టుకుని వెళ్లేటప్పుడు పక్క గోడల మీద, వెనుక గోడ మీద పీల్చుకునే బలం ఏర్పడుతుంది. మూలల దగ్గర ఈ పీల్పు మరీ ఎక్కువ. బోర్డుకూ గోడకూ మధ్య ఖాళీ ఉండి, పైనో పక్కనో తెరిచి ఉంటే గాలి అందులోకి చొరబడి వెనుక నుంచి నెడుతుంది. ముందు నుంచి పీల్పు, వెనుక నుంచి నెట్టుడు కలిసినప్పుడు బోల్టులు గోడ నుంచి ఊడివచ్చే దిశలో బలం పడుతుంది. కిందికి జారకుండా ఆపే బోల్టు వేరు, బయటికి ఊడకుండా ఆపే బోల్టు వేరు. బోర్డుకు రెండో లక్షణం తప్పనిసరి.

ముందుగా గోడను తెలుసుకోవాలి

ఒకే బోల్టు ఒక గోడలో గట్టిగా నిలుస్తుంది, మరో గోడలో వేలితో లాగినా వస్తుంది. అందువల్ల పని మొదలుపెట్టే ముందు గోడ దేనితో కట్టారో తెలుసుకోవాలి.

కాంక్రీటు పిల్లర్లు, బీములు, స్లాబు అంచులు అన్నిటికంటే నమ్మదగినవి. దుకాణం షట్టరుకు పైన సాధారణంగా ఒక బీము ఉంటుంది. ప్రధాన బోల్టులను అందులోకి దింపడం ఉత్తమం. అయితే లోపలి ఇనుప చువ్వలను డ్రిల్లింగుతో కోయకూడదు. బిట్టు గట్టిగా తగిలి ముందుకు పోకపోతే ఆ రంధ్రాన్ని వదిలి పక్కకు జరగాలే తప్ప బలవంతంగా దింపరాదు.

తొమ్మిది అంగుళాల ఎర్ర ఇటుక గోడ మధ్యస్థమైనది. ఇటుక గట్టిదైతే బోల్టు నిలుస్తుంది. రెండు ఇటుకల మధ్య సిమెంటు కీలులో రంధ్రం చేస్తే నిలకడ తగ్గుతుంది. గోడ అంచుకు దగ్గరగా వ్యాకోచించే బోల్టును బిగిస్తే అది విచ్చుకునే బలానికి ఇటుకే చీలిపోవచ్చు. నాలుగున్నర అంగుళాల గోడ పెద్ద బోర్డుకు తగినది కాదు.

ఇటీవలి భవనాల్లో ఎక్కువగా వాడుతున్న తేలికపాటి బ్లాకులు, లోపల డొల్లగా ఉండే సిమెంటు ఇటుకలు మరింత జాగ్రత్తను కోరుతాయి. వీటిలో మామూలు యాంకర్ బోల్టు విచ్చుకోవడానికి పట్టు దొరకదు. తేలికపాటి బ్లాకుల కోసం ప్రత్యేకంగా చేసిన ప్లగ్గులు, డొల్ల ఇటుకలకు జాలీ తొడుగుతో వేసే రసాయన యాంకర్లు ఉన్నాయి. బోర్డు పెద్దదైతే ఆ గోడను నమ్ముకోకుండా అటూ ఇటూ ఉన్న పిల్లర్ల మధ్య ఇనుప యాంగిళ్లు వేసి, బోర్డును వాటికి బిగించడం మేలు.

పిట్టగోడ ఈ విషయంలో అత్యంత బలహీనం. మేడపై నాలుగున్నర అంగుళాల పిట్టగోడకు పైన ఏ ఆధారమూ ఉండదు. ఎత్తుగా కనిపించాలని దానికి బోర్డు బిగించి, సగం భాగాన్ని గోడ పైకి నిలబెట్టడం పట్టణాల్లో తరచూ కనిపిస్తుంది. గాలికి అలాంటి బోర్డు ఒక్కటే పడదు. పిట్టగోడను కూడా వెంటబెట్టుకుని పడుతుంది.

రంధ్రం, లోతు, బోల్టు

గోడపై కనిపించే పూత గోడ కాదు. ప్లాస్టరింగు మందం సాధారణంగా 12 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటుంది. పాత గోడలకు మరమ్మతుల మీద మరమ్మతులు చేసిన చోట ఇంకా ఎక్కువ ఉండవచ్చు. బోల్టు గోడలోకి ఎంత లోతు దిగాలో చెప్పే సంఖ్యను ఈ పూత దాటిన తరువాత నుంచి లెక్కించాలి. 80 మిల్లీమీటర్ల బోల్టులో 20 మిల్లీమీటర్లు పూతలోనూ, మరికొంత ఫ్రేము మందంలోనూ పోతే గోడను పట్టుకునే భాగం సగమే మిగులుతుంది. అయిదారేళ్లలో పూత ఉబ్బి ఊడితే ఆ మేరకు బోల్టు వదులవుతుంది.

రంధ్రంలో దుమ్ము మిగిలిపోవడం మరో సాధారణ లోపం. రసాయన యాంకర్ విషయంలో ఇది మరీ ప్రమాదకరం. జిగురు గోడకు అంటుకోవడానికి బదులు దుమ్ముకు అంటుకుంటుంది. రంధ్రాన్ని గాలితో ఊది, బ్రష్షుతో తోమి, మళ్లీ ఊదిన తరువాతే జిగురు నింపాలి. అది పూర్తిగా గట్టిపడే వరకు, తయారీదారు డబ్బాపై ముద్రించిన సమయం గడిచే వరకు, బోర్డును ఎక్కించరాదు. సాయంత్రానికల్లా ప్రారంభోత్సవం ఉందన్న తొందరలో ఈ నియమం తరచూ భంగమవుతుంది.

చెక్క స్క్రూలతో వేసే చిన్న ప్లాస్టిక్ ప్లగ్గులు గడియారానికి, ఫొటోకు, చిన్న నేమ్‌ప్లేటుకు సరిపోతాయి. గాలికి ఎదురు నిలిచే బోర్డుకు అవి పనికిరావు.

బోల్టుల సంఖ్య ఎంత అన్నది తరువాతి ప్రశ్న. పై ఉదాహరణలోని బోర్డుకు 16 బోల్టులు వేస్తే, హైదరాబాద్ లెక్కన ఒక్కోదానిపై సగటున 55 కిలోల లాగుడు పడుతుంది. అయితే ఏ గోడపైనా బలం సమంగా పంచుకోదు. మూలల్లో ఎక్కువ, మధ్యలో తక్కువ ఉంటుంది. ఒక్క బోల్టు ఊడితే దాని వాటా పక్కదానిపై పడుతుంది. అదీ ఊడితే మూడోదానిపై పడుతుంది. బట్టపై కుట్టు విడిపోయినట్లు వరుసగా ఊడిపోవడం ఇలాగే జరుగుతుంది. అందుకే ప్రతి బోల్టుకూ సగటు కంటే అనేక రెట్ల సామర్థ్యం ఉండాలని, మూలల్లో వాటిని దగ్గర దగ్గరగా వేయాలని ఇంజినీర్లు చెబుతారు.

బోర్డు గోడ నుంచి ఎంత దూరంగా నిలుస్తుందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. 100 కిలోల బోర్డు బరువు గోడకు అర అడుగు దూరంలో వేలాడుతోందనుకుంటే, పై వరుస బోల్టులకూ కింది వరుస బోల్టులకూ మధ్య ఒక మీటరు ఉన్నప్పుడు పై వరుసపై 15 కిలోల లాగుడు మాత్రమే అదనంగా పడుతుంది. ఆ రెండు వరుసలూ ఒక్క అడుగు దూరంలోనే ఉంటే అది 50 కిలోలవుతుంది. గాలి లేని రోజున కూడా ఈ లాగుడు రాత్రింబవళ్లు కొనసాగుతూనే ఉంటుంది. బోర్డును వీలైనంత గోడకు దగ్గరగా, బోల్టుల వరుసలను వీలైనంత ఎడంగా ఉంచడం వెనుక కారణం ఇదే.

ఎండకు పెరిగే పలక

ఏసీపీ షీటు ఎండకు వ్యాకోచిస్తుంది. ఉష్ణోగ్రత 50 డిగ్రీలు మారితే మూడు మీటర్ల షీటు సుమారు మూడున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. అదే పొడవున్న అక్రిలిక్ షీటు దాదాపు 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. శీతకాలపు తెల్లవారుజాముకూ మే నెల మధ్యాహ్నం ముదురు రంగు పలక వేడెక్కే స్థాయికీ మధ్య అంత తేడా తెలుగు రాష్ట్రాల్లో సహజమే.

నాలుగు వైపులా గట్టిగా బిగించిన పలకకు పెరగడానికి చోటు లేకపోతే అది మధ్యలో ఉబ్బుతుంది. రాత్రి మళ్లీ కుంచించుకుంటుంది. రోజూ సాగే ఈ కదలికకు స్క్రూలు వదులై, రెండువైపుల అంటుకునే టేపు విడిపోయి, సిలికాన్ గీతలు చిట్లుతాయి. పలకల మధ్య సన్నని ఎడం వదిలి, స్క్రూ రంధ్రాలను గుండ్రంగా కాక కోలగా చేసి, ఒక్క చోట మాత్రమే గట్టిగా బిగించి మిగిలిన చోట్ల జరగడానికి వీలుంచడం దీనికి పరిష్కారం. టేపు, సిలికాన్‌లపైనే ఆధారపడిన పలక ఏదో ఒక వేసవిలో రాలిపోయే అవకాశం ఉంది.

వాన, తుప్పు, విద్యుత్తు

ఎండ వదులుచేసిన చోట వాన ప్రవేశిస్తుంది. రంధ్రం చుట్టూ సీలింగ్ లేకపోతే నీరు గోడలోకి, బోల్టు వెంట లోపలికి దిగుతుంది. ఇనుప ఫ్రేమును వెల్డింగ్ చేసినచోట రంగు వేయకపోతే తుప్పు మొదట అక్కడే మొదలవుతుంది. సముద్రతీర పట్టణాల్లో ఉప్పుగాలికి ఇది మరింత వేగంగా సాగుతుంది. అల్యూమినియంను నేరుగా ఇనుముకు ఆనించి తడి తగలనిస్తే రెండు లోహాల మధ్య రసాయన చర్య జరిగి అల్యూమినియం తినివేయబడుతుంది. మధ్యలో నైలాన్ వాషరు వేయడం, తీరప్రాంతంలో స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వాడటం దీనిని నివారిస్తాయి. పెట్టె రూపంలో ఉండే గ్లో సైన్ బోర్డు అడుగున నీరు బయటికి పోయే చిన్న రంధ్రాలు ఉండాలి.

వెలుగులు ఉన్న బోర్డు విద్యుత్ పరికరం కూడా. తడిసిన లోహపు ఫ్రేములోకి కరెంటు దిగితే షట్టరు ముట్టుకున్నవారికి కూడా ప్రాణాపాయం. ఫ్రేముకు ఎర్తింగ్, 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే సరఫరాను ఆపివేసే రక్షణ స్విచ్చి, వానకు తట్టుకునే రకం దీపాలు తప్పనిసరి.

బోర్డు బిగించే పనివారికి అతిపెద్ద ముప్పు పక్కనే వెళ్లే విద్యుత్ తీగలు. పొడవైన ఇనుప ఫ్రేమును పైకి ఎత్తే క్రమంలో అది తిరిగి తీగను తాకితే తేరుకునే వ్యవధి ఉండదు. 11 కిలోవోల్టుల వరకు ఉన్న తీగలకూ భవనానికీ మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్ల దూరం ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు చెబుతున్నాయి. బోర్డు ముందుకు వచ్చేకొద్దీ ఆ దూరం తగ్గిపోతుంది. తీగలు దగ్గరగా ఉన్నచోట విద్యుత్ సిబ్బందికి తెలిపి, సరఫరా ఆపించిన తరువాతే పని చేపట్టాలి.

మంటల కోణాన్ని కూడా విస్మరించరాదు. లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో 2017 జూన్ 14న జరిగిన అగ్నిప్రమాదంలో 72 మంది మరణించారు. మధ్యలో పాలిథిలిన్ పొర ఉన్న అల్యూమినియం పలకలు భవనం వెలుపల మంటలు వేగంగా పాకడానికి ప్రధాన కారణమని విచారణ తేల్చింది. మన వీధుల్లోని చవక ఏసీపీ షీట్లలో ఉండేదీ సాధారణంగా పాలిథిలినే. షట్టరు పైన ఒక బోర్డుకు పరిమితమైనంత వరకు ముప్పు స్వల్పం. అదే పలకతో మూడు నాలుగు అంతస్తుల ముఖభాగాన్ని, కిటికీలతో సహా కప్పివేసినప్పుడు పొగ బయటికి పోయే దారి, లోపలివారు సహాయం కోసం చేయి ఊపే దారి రెండూ మూసుకుపోతాయి. అలాంటి చోట మంటలను నిరోధించే రకం షీట్లు వాడాలి, కిటికీలను వదిలివేయాలి.

పాత ఫ్రేముపై కొత్త బోర్డు

ఇటీవలి సంవత్సరాల్లో అనేక నగరాల్లో బోర్డులు ఒక్కసారిగా మారాయి. మహారాష్ట్రలో దుకాణాల పేర్లు మరాఠీలో ఉండాలన్న నిబంధన అమలుకు సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో రెండు నెలల గడువిచ్చింది. కర్ణాటకలో బోర్డుపై 60 శాతం కన్నడం ఉండాలన్న నిబంధన 2024 ఫిబ్రవరిలో చట్టరూపం దాల్చింది. గడువు దగ్గరపడిన ప్రతిసారీ బోర్డులు చేసే పనివారిపై ఒత్తిడి పెరుగుతుంది. వేళ్లమీద లెక్కపెట్టగల రోజుల్లో పని ముగించాలంటే పాత ఫ్రేమును అలాగే ఉంచి దానిపై కొత్త షీటు వేయడమే సులువు.

ఇక్కడొక కనిపించని మార్పు జరుగుతుంది. పాత ఫ్రేములు చాలావరకు ఫ్లెక్స్ కోసం చేసినవి. తీవ్రమైన గాలికి ఫ్లెక్స్ చిరిగిపోయేది. చిరిగిన తరువాత ఫ్రేముపై భారం తగ్గిపోయేది. ఏసీపీ షీటు చిరగదు. గాలి బలమంతా ఫ్రేముకు, అక్కడి నుంచి తుప్పుపట్టిన పాత బోల్టులకు చేరుతుంది. అందుచేత బోర్డు మార్చేటప్పుడు ఫ్రేమును దింపి, వెనుక భాగాన్ని, గోడను, బోల్టులను చూడకుండా కొత్త షీటు వేయడం శ్రేయస్కరం కాదు.

దింపడం కూడా బిగించడమంత జాగ్రత్తతో చేయవలసిన పని. పుణె నగరంలో 2018 అక్టోబరు 5న రైల్వే స్థలంలోని ఒక హోర్డింగ్ ఇనుప చట్రాన్ని తొలగిస్తుండగా అది రద్దీ రహదారిపై కూలి నలుగురు మరణించారు. పెద్ద బోర్డును ముందుగా తాళ్లతోనో గొలుసులతోనో పైనుంచి పట్టి ఉంచి, పై నుంచి కిందికి భాగాలుగా విడదీయాలి. కింద రాకపోకలను ఆపాలి. ఆధారాన్ని ముందుగా కోయడం ఎన్నడూ చేయరాదు.

నిబంధనలు, బాధ్యత

2016 జాతీయ భవన నిర్మాణ నియమావళి పదవ భాగంలో ప్రకటన ఫలకాలు, బహిరంగ ప్రదర్శన నిర్మాణాలకు ఒక ప్రత్యేక విభాగం ఉంది. పరిమాణం, ఎత్తు, గాలి భారం, నిర్వహణ అందులోని అంశాలు. అయితే నియమావళిని అమలు చేసేది స్థానిక సంస్థలే. వాటి నిబంధనలు ఊరూరికీ మారతాయి. హైదరాబాద్‌లో నేల నుంచి 15 అడుగుల ఎత్తు దాటిన ప్రకటన ఫలకాలపై తెలంగాణ ప్రభుత్వం 2020లో ఆంక్షలు విధించింది. పెద్ద ఫలకాలకు స్ట్రక్చరల్ ఇంజినీరు ధ్రువపత్రం అడగడం నగరపాలక సంస్థల్లో సాధారణ పద్ధతి.

సమస్య ఆ పరిమితికి లోపల ఉన్న బోర్డులతోనే. షట్టరుపై 20 అడుగుల బోర్డుకు ఇంజినీరును పిలిచే దుకాణదారులు అరుదు. బోర్డు చేసేవారు అక్షరాలు, రంగులు, వెలుగు చూసి ధర చెబుతారు. ధర చదరపు అడుగు చొప్పున ఉంటుంది. గోడలోకి దిగే బోల్టు, దాని లోతు ఆ ధరలో ఎక్కడా విడిగా కనిపించవు. కనిపించని చోట ఖర్చు తగ్గించుకోవడం సులువు. యజమాని అడిగితే తప్ప ఈ పద్ధతి మారదు.

అడగవలసినవి ఎక్కువేమీ కావు. గోడ కాంక్రీటా, ఇటుకా, తేలిక బ్లాకా? బోల్టు రకం ఏమిటి, పూత దాటాక ఎంత లోతు దిగుతుంది? మొత్తం ఎన్ని, మూలల్లో ఎన్ని? నట్లు వదులు కాకుండా స్ప్రింగు వాషరు లేదా లాక్ నట్టు వేశారా? ఫ్రేము అతుకులకు రంగు వేశారా? ఎర్తింగ్ ఉందా? ఈ ప్రశ్నలకు సమాధానాలను బిల్లుపై రాయించుకోవడం, బిగించేటప్పుడు రంధ్రాల ఫొటోలు తీసి ఉంచుకోవడం తరువాతి రోజుల్లో ఎంతో ఉపకరిస్తుంది.

ఏడాదికి రెండుసార్లు, వేసవి గాలివానలు మొదలయ్యే ముందు ఒకసారి, అక్టోబరు తుపానుల ముందు మరోసారి బోర్డును పరిశీలించడం మంచిది. నిచ్చెన ఎక్కకుండానే కొన్ని లక్షణాలు కనిపిస్తాయి. బోర్డు ఒకవైపు వాలడం, గోడపై తుప్పు చారలు దిగడం, బోల్టుల చుట్టూ పూత బీటలు వారడం, గాలి వీచినప్పుడు టకటకమని శబ్దం రావడం వాటిలో ముఖ్యమైనవి. శబ్దం వస్తోందంటే ఎక్కడో బిగింపు వదిలిందని అర్థం. దానిని పట్టించుకోకపోతే ఆ వదులు రోజురోజుకూ పెరుగుతుందే తప్ప తగ్గదు.

బాటసారుల కోసం ఒక హెచ్చరిక కూడా అవసరం. గాలి హోరెత్తుతున్నప్పుడు పెద్ద బోర్డుల కింద, హోర్డింగుల నీడలో, పిట్టగోడల వెంట నిలబడరాదు. తడవడం వల్ల వచ్చే నష్టం స్వల్పం. ఘాట్‌కోపర్‌లోనూ కివళేలోనూ కూలిన ఫలకాలు అంతకు ముందురోజు వరకు చూసేవారికి గట్టిగానే కనిపించాయి. బోర్డు బలం దాని ముఖంలో కనిపించదు. అది వెనుక, గోడలోపల, పూత దాటిన తరువాత ఉంటుంది. యజమాని ఒక్కసారి శ్రద్ధపెట్టి చూసుకోవలసింది అక్కడే.